చింతపండుతో తోమిన చెప్పులు

ఆరేళ్లుగా మా ఇంట్లో జొన్నల డ్రమ్ము అడుగున ఒక జత చెప్పులు ఉన్నాయి. జొన్నలు తీసినప్పుడల్లా నా చెయ్యి వాటికి తగులుతుంది. తగిలినప్పుడల్లా లోపల ఒకటి కలుక్కుమంటుంది, ఒకటి కిలకిలమంటుంది. కలుక్కుమన్న సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కిలకిలమన్న సంగతైతే నాకు నేనే ఒప్పుకోలేదు.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకరగా వస్తాయి. జ్ఞాపకం మాత్రం వంకర పోదు. ఆ రోజు ఏ కూర వండానో, సంధ్య జడలో ఏ పువ్వు ఉందో ఇప్పటికీ చెప్పగలను. చెప్పాల్సిన మాట ఒక్కటే చెప్పలేకపోయాను.

ఒక జంటను విడగొట్టింది నేను. ఊళ్లో మామూలు జంట కాదు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ప్రతి ఫోనులో ఆడిపాడిన జంట.

మాది బచ్చన్నపేట దగ్గర పల్లె. పాత పెంకుటిల్లు, చెక్కిన దర్వాజ, పేడతో అలికిన వాకిలి. ఇప్పుడిలాంటి ఇళ్లు దొరకడం లేదట. అందుకని యూట్యూబుకు జానపద పాటలు తీసేవాళ్లు కెమెరాలు మోసుకుని మా ఇంటికొస్తారు. వాళ్లకు వంట నేనే చేస్తాను. ఆడపిల్లలు చీరలు మార్చుకునేది మా లోపలి అర్రలోనే. మగపిల్లలు గడప దాటకూడదని నేను పెట్టిన కట్టుబాటు.

సంధ్య మానుకోట పక్క తండా పిల్ల. ఫోనులో వాళ్ల అమ్మతో "యాడీ, యాడీ" అంటూ వాళ్ల భాషలో గలగలా మాట్లాడేది, ఫోను పెట్టేసి నాతో తెలుగులో అంతే గలగలా మాట్లాడేది. శ్రీకాంత్ ఘనపూర్ పిల్లవాడు, మాట తక్కువ. ఇద్దరూ కలిసి ఆడితే చూసేవాళ్లకు కడుపు నిండేది. పాటలన్నీ పల్లెటూరి పాటలు కాబట్టి ఆ పిల్ల ఎప్పుడూ ఉత్త కాళ్లతో ఆడేది. పత్తి చేలో, రాళ్ల గుట్ట మీద, ఎండకు కాలిన బాట మీద, పట్టీలు తప్ప కాలికి ఇంకేమీ ఉండేది కాదు. ముళ్లు నేనే తీసేదాన్ని, పిన్నీసుతో.

ఆ పిల్లకు చెప్పులంటే పిచ్చి. ముస్తాబవుతూ ఫోను చూసేది. సినిమా హీరోయిన్లు ఎవరితో విడిపోయారో అన్ని వార్తలూ దానికి కావాలి. ఒకసారి ఎవరో హీరోయిన్ మొగుడితో తెగతెంపులు చేసుకుని విమానం దిగుతున్న ఫోటో చూపించింది. నేను "అయ్యో పాపం" అన్నాను.

"ముఖం జూడకు పెద్దమ్మా, కాళ్లు జూడు. ఏడ్సేటోళ్లు గిసొంటి చెప్పులేసుకుంటరా?"

చూశాను. నల్ల మఖ్మలు, జానెడు మడమ, అడుగున పారాణి పెట్టినట్టు ఎరుపు. "గవి ఎంతుంటయో ఎర్కేనా? జతకు జత దుక్కిటెద్దులొస్తయ్" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ తరువాత ఎవరు విడిపోయినా మేమిద్దరం ముందు కాళ్లే చూసేవాళ్లం.

అంతలో వాళ్లిద్దరి మధ్యే తగవు వచ్చింది. శ్రీకాంత్ వేరే వాళ్ల పాటలో వేరే అమ్మాయితో ఆడాడు. ఈ పనిలో అది చిన్న విషయం కాదు. జంట మారితే చూసేవాళ్లే ఊరుకోరు, ఇక సంధ్య ఎలా ఊరుకుంటుంది? ఇక నాతో మాట్లాడకు, పాటకు వస్తా ఆడతా పోతా, అందట.

ఒక మంగళవారం పొద్దున శ్రీకాంత్ ఎవరిదో బండి మీద వచ్చాడు. తన బండి అమ్మేశాడని నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. చేతిలో పెద్ద డబ్బా. గడప బయటే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఎల్లుండి సంధ్య వస్తది గద. గిది జర లోపలియ్యి. గివి ఏసుకొని వాకిట్లకొస్తే నన్ను మాఫ్ జేసింది అనుకుంట, మా ఇంట్ల మాట్లాడి పెండ్లికి అడుగుత. ఉత్త కాళ్లతోని వచ్చిందనుకో, ఇగ మల్ల అడగ. నోరిప్ప. గీ ముచ్చట నువ్వే జెప్పాలె. నాతోని మాట్లాడొద్దన్నది గద."

"గంతేనా, నేను జూసుకుంట పో బిడ్డా" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో.

బుధవారం మా ఆయన పత్తి వేసుకుని జనగామ మార్కెట్‌కు వెళ్లాడు. మరునాటి పాట కోసం వాకిలి అలికి వచ్చి చేతులు కడుక్కున్నాను. డబ్బా మంచం మీద ఉంది. చూస్తే ఏమవుతుంది? చూశాను. ముట్టుకుంటే ఏమవుతుంది? ముట్టుకున్నాను. ఫోటోలో చూసిన లాంటి నల్ల చెప్పులే. దూడ చెవిలాగా ఉంది ఆ మఖ్మలు. నాది చిన్న పాదం. పెట్టి చూస్తే నా కోసమే కుట్టినట్టు సరిపోయింది.

దండెం పట్టుకుని లేచి నిలబడ్డాను. మా ఇంట్లో అద్దం మా ఆయన ఎత్తుకు కొట్టిన మేకుకు ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచి ఆ అద్దంలో నాకు నా నుదురు, కళ్లు మాత్రమే కనిపించేవి. బొట్టు పెట్టుకోవడానికి అవి చాలు కదా అని మేకు కిందికి కొట్టమని ఎన్నడూ అడగలేదు. ఆ రోజు ఒక్కసారిగా ముక్కు వచ్చింది, నోరు వచ్చింది, గదువ వచ్చింది, మెడలో పుస్తెలతాడు వచ్చింది. ఆ నోరు నవ్వుతోంది. నేను నవ్వుతున్నానని దాన్ని చూసి తెలుసుకున్నాను. ఎవరమ్మా ఈమె, బాగుందే అనుకున్నాను.

అక్కడితో ఆగితే ఈ రాత ఉండేది కాదు. అద్దంలో ఇంత కనిపిస్తే గోడ మీద నుంచి ఎంత కనిపిస్తుందో అనిపించింది. దర్వాజ దాటి వాకిట్లోకి అడుగు వేశాను. నాలుగడుగులు వేశాను. గోడ అవతల మా తోటికోడలు మిరపకాయలు ఎండబోసుకుంటూ తనలో తాను పాడుకుంటోంది. దాని గొంతు అంత బాగుంటుందని ఇన్నేళ్ల ఇరుగుపొరుగులో నాకు తెలియదు. రాణిలాగా నిలబడి విన్నాను. విని వెనక్కి తిరగబోతే కాలు రాలేదు. పచ్చి పేడలో రెండు మడమలూ మునిగిపోయాయి.

లాగాను. అడుగు అడుగుకూ ఒక గుంట. చెప్పుల నిండా పేడ. కంగారులో నా చేతులు వాటికి తెలిసిన పనే చేశాయి. పైన బంగారు రంగు బిళ్ల ఉంది కదా, ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమాను. మఖ్మలును బూడిద పెట్టి కొబ్బరి పీచుతో రుద్దాను. బాయి నీళ్లు గుమ్మరించాను. పెంకుల మీద ఎండకు పెట్టాను. శుభ్రంగా కడిగి పెడితే ఎవరికీ తెలియదు అనుకున్నాను చూడండి.

సాయంత్రానికి మఖ్మలు గజ్జి కుక్క వీపులాగా అయింది. ఎర్ర అడుగు చిక్కుడుకాయ ఈనెలాగా ఊడి వచ్చింది. ఎడమ మడమ పక్కకు వాలింది. వాకిలి మళ్లీ అలికాను. చెప్పులు తీసుకెళ్లి జొన్నల్లో పాతాను. డబ్బా పొయ్యిలో పెట్టాను. మూలకు ఒక గుంట మిగిలిపోయినట్టుంది, మా ఆయన వచ్చి చూసి "ఏ కొంగ దిరిగిందే వాకిట్ల?" అన్నాడు. "ఏమో, నేను జూల్లె" అన్నాను. అది మొదటి అబద్ధం. చిన్నది.

పెద్దది మరునాడు. సంధ్య లోపలి అర్రలో జడకు కనకాంబరాలు పెట్టించుకుంటూ, తను తెచ్చుకున్న చేతి అద్దంలో నన్ను చూడకుండా, ఏదో పిన్నీసు అడిగినట్టుగా అడిగింది.

"పెద్దమ్మా, శ్రీకాంత్ ఏమన్న జెప్పిండా?"

"ఏం జెప్పలే బిడ్డా."

"ఏం ఇయ్యలేదా?"

"ఏమిస్తడు?"

"అయితే పాయె తియ్యి" అని, చీర కుచ్చెళ్లు దులుపుకుని లేచింది. ఉత్త కాళ్లతో వాకిట్లోకి నడిచింది. బండి మీద కూర్చున్న శ్రీకాంత్ దాని ముఖం చూడలేదు. కాళ్లు చూశాడు. జేబులోంచి నల్ల కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. డైరెక్టరు "పాటల కళ్లద్దాలేందిరా, తియ్యి" అని అరిస్తే తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ పాట వాళ్ల పాటలన్నిటిలోకీ గొప్పదని ఇప్పటికీ పెళ్లిళ్లలో మోగుతుంది. అది మోగినప్పుడల్లా నేను లడ్డూ పళ్లెం పట్టుకుని వంటల దగ్గరికి వెళ్లిపోతాను.

ఇక్కడ నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెప్పులు పాడయ్యాయి, సరే. మాట పాడవలేదు కదా? ఆ పిల్లవాడు అప్పజెప్పిన మాటకు పేడ అంటలేదు, అది చెడిపోలేదు, చెప్పులు లేకుండానే దాన్ని ఇవ్వగలిగేదాన్ని కదా? ఇస్తే చెప్పులేవని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఇద్దరి బతుకుల మాట మింగేశాను. కొన్నాళ్లు ఒక సాకు పట్టుకున్నాను: మనలో చెప్పు చూపిస్తేనే అవమానం, ఆడపిల్లకు చెప్పులు పంపడమేమిటి, మంచిదే అయింది, అని. ఆ సాకు నాకే నవ్వొచ్చేంత పలచనిది. అవి ఆ పిల్ల కలలోకి వచ్చే చెప్పులని నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

వాళ్లు విడిపోయారని తెలిశాక ఫోన్లన్నీ గోలపెట్టాయి. "అసలు కారణం ఇదే" అంటూ రోజుకొక వీడియో. ఒకడు కులం అన్నాడు, ఒకడు సినిమా అవకాశం అన్నాడు, ఒకడైతే చేతబడి అన్నాడు. జనగామ బస్టాండులో ఇద్దరు ఆడవాళ్లు తప్పు ఎవరిదని జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. వంటమనిషి అని మాత్రం ఒక్కడూ అనలేదు. నాలుగు మాటల్లో మూడు ఆ పిల్ల మీదే పడ్డాయి, పేరు రాగానే పిల్లవాడిని వదిలేసిందని. మా ఆయన కూడా "పోరికి పొగరు" అన్నాడు. నేను అన్నం వడ్డిస్తూ "ఊ" అన్నాను. నా తప్పుల్లో అన్నిటికంటే నీచమైనది ఆ "ఊ".

ఇప్పుడు వాళ్లు బాగున్నారు. శ్రీకాంత్ ఘనపూర్‌లో పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. చక్కని భార్య, కవల ఆడపిల్లలు. సంధ్య సొంతంగా పాటలు తీస్తోంది, తండా పిల్లలను పదిమందిని వెంటేసుకుని తిరుగుతోంది, దాని నవ్వు వీధి చివరి నుంచే వినిపిస్తుందట. వాళ్లు బాగున్నారు కదా అని నా తప్పు చిన్నదవుతుందా? కాదు. వాళ్లు బాగుండడం వాళ్ల కష్టం. అందులో నా పుణ్యమేమీ లేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, లేకపోతే ఇదంతా సగమే. ఆ చెప్పులకు సైకిలు పంక్చరు జిగురు పెట్టి అడుగు అతికించాను. మా ఆయన మార్కెట్‌కు వెళ్లిన రోజుల్లో జొన్నలు దులిపి తొడుక్కుంటాను. ఎడమ కాలు కొంచెం కుంటుతుంది. అద్దంలో నా ముఖం మొత్తం చూసుకుంటాను. పశ్చాత్తాపపడాలి కదా? పడతాను, చెప్పులు తీసేశాక. వేసుకున్నంతసేపూ మాత్రం సంతోషమే. దొంగ సంతోషం. అయినా సంతోషమే.

మొన్న సంధ్య ఫోను చేసింది. "పెద్దమ్మా, ఆదివారం మీ ఇంట్ల పాట తీస్తం. కోడికూర, జొన్నరొట్టె జెయ్యి" అంది. మాటల్లో మాటగా పాత సంగతి వచ్చింది. "గప్పుడు ఒక్క మాట అడుగుతాడేమోనని జూసిన పెద్దమ్మా. అడగకపాయె" అని నవ్వింది. నవ్వులో బాధ లేదు. లేదనే అనుకుంటాను.

ఈ రోజు శనివారం. పొద్దున్నే వాకిలి అలికాను. ఇంతదాకా రాసి, లేచి, డ్రమ్ములో చెయ్యి పెట్టాను. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. అయినా తొడుక్కున్నాను. దర్వాజ నుంచి గేటు దాకా ఆ పచ్చి వాకిట్లో నడిచాను. మా తోటికోడలు గోడ అవతల నుంచి చూసి "ఏందక్కా, గింత పొడుగైనవ్?" అంది. మా ఆయన చాయ గ్లాసు పట్టుకుని నోరు తెరిచాడు.

"ఎవలియే గవి?"

"సంధ్యయి."

"మనింట్ల ఎందుకున్నయ్?"

"రేపు దానికి జెప్పినంక నీకు జెప్త. ముందుగాల వినాల్సింది అది."

రేపు ఆ పిల్ల నవ్వుతుందో, కొడుతుందో, ఈ ఇంటి ముఖం మళ్లీ చూడనంటుందో తెలియదు. ఏం చేసినా దాని హక్కే. కూర మాత్రం ముందే వండి పెడతాను, తినకుండా వెళ్లనివ్వను. వాకిట్లో దర్వాజ నుంచి గేటు దాకా గుంటలు ఎండుతున్నాయి. మళ్లీ అలకలేదు.