సింగిరిమిట్టలో అన్న

ధర్మేంద్రకు శవాలను చూడటం అలవాటైపోయింది. అతను పోలీసు కాదు, ఆసుపత్రి మనిషీ కాదు. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. కానీ పాకాల వైపు రైలు పట్టాల మీదో, తిరుపతి బస్టాండు వెనకాలో ఊరూ పేరూ తెలియని మగమనిషి ఎవరైనా చనిపోయి దొరికితే, స్టేషన్ నుంచి అతనికి ఫోను వచ్చేది. ఇరవై ఆరేళ్ల కిందట అన్న భానుచందర్ కనిపించకుండా పోయినప్పుడు, చదువు రాని తండ్రి బదులు ఫిర్యాదు ఇచ్చింది అతనే మరి.

మొదటిసారి వెళ్లినప్పుడు అతనికి మీసాలు కూడా సరిగా రాలేదు. తల్లి ఆసుపత్రి గేటు దగ్గరే కూలబడింది. అతనొక్కడే లోపలికి వెళ్లి, గుడ్డ తీసి, ముఖం కాదు, ఎడమచేతి చిటికెన వేలు చూశాడు. చిన్నప్పుడు పశువుల గడ్డి నరికే మిషన్‌లో పడి అన్నకు ఆ వేలు సగం తెగిపోయింది. ఈ చేతికి వేలు నిండుగా ఉంది. బయటికొచ్చి "కాదుమా" అన్నాడు. తల్లి లేచి కొంగు దులుపుకుని, "పద, ఏమన్నా తిందువు" అంది. అతను తినలేకపోయాడు.

తర్వాత్తర్వాత తినగలిగాడు. వేలు చూసి, "కాదు సార్" అని చెప్పి, చేతులు కడుక్కుని, ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిని డ్యూటీకి పోయేవాడు. తల్లి చనిపోయాక కూడా ఫోను వస్తే వెళ్లడం మానలేదు. "ఇంక ఎవురి కోసరమయ్యా పొయ్యేది?" అని భార్య నిర్మల అడిగితే, "పిలుస్తా ఉండారు కదా" అనేవాడు. ఎప్పుడు మొద్దుబారిందో తెలియదు గానీ అతనిలో ఏదో మొద్దుబారింది. కూతురు జాహ్నవికి సింగిరిమిట్ట కాలేజీలో సీటు వచ్చిందని ఇంట్లో అందరూ సంబరపడుతుంటే కూడా, అతను పక్కింటి సంగతి విన్నట్టే విన్నాడు.

సింగిరిమిట్ట మదనపల్లె దాటి, ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే చిన్న ఊరు. ఊరి కంటే కాలేజీ పాతది. జాహ్నవి అక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. డిసెంబరులో పరీక్షలు అయిపోయి సెలవులిస్తే ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాడు వాకిట్లో కూర్చుని తల్లికి ఫోన్లో ఫోటోలు చూపిస్తుంటే, ధర్మేంద్ర తువ్వాలు భుజాన వేసుకుని వెనకనుంచి చూశాడు. మంచులో నలుగురు ఆడపిల్లలు, వెనకాల టీ కొట్టు. కొట్టాయన గాజు గ్లాసు అందిస్తున్నాడు. ఆ గ్లాసు పట్టుకున్న చేతికి చిటికెన వేలు సగమే ఉంది.

"ఈయనెవరు పాపా?"

"టీ మామ నాయనా. అందరం మామా అనే పిలుస్తాం. బన్ను బాగా కాల్చి ఇస్తాడు."

"పేరేంది?"

"ఏమో. మామ అంతే."

ముఖం వంక చూశాడు. మంకీ క్యాప్, నెరిసిన గడ్డం. ఆ ముఖం అతనికి ఎవరిలాగా కనిపించలేదు. వెళ్లి స్నానం చేసి, అన్నం తిన్నాడు. మర్నాడు పొద్దున్నే భార్యతో, "ఒగ దినం కొండకు పోయొస్తా మే" అన్నాడు. పాప హాస్టల్ పనేమో అనుకుంది ఆమె.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏం అనాలో కూర్చుకున్నాడు. అమ్మ ఎలా పోయిందో చెప్పాలి. తాను ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పాలి. చెప్పే ముందు చెంప పగలగొట్టాలి. మదనపల్లెలో బస్సు మారేటప్పటికి మాటలన్నీ వరసలో పడ్డాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో చలిగాలి కొడుతుంటే మళ్లీ మొదటినుంచి చెప్పుకున్నాడు, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలాగా.

సెలవులు కాబట్టి ఊళ్లో మనుషులు లేరు. జిరాక్స్ అంగళ్లు, మెస్సులు, సెల్ రీచార్జి కొట్లు అన్నీ మూసేసి ఉన్నాయి. కాలేజీ గేటుకు గొలుసు వేసి ఉంటే, దాని ముందు రెండు కుక్కలు ఎండ కోసం పడుకున్నాయి. పదకొండు దాటినా మంచు పూర్తిగా విడలేదు. తెరిచి ఉన్నది ఆ టీ కొట్టు ఒక్కటే. బస్సు డ్రైవరు, కండక్టరు అక్కడ టీ తాగి వెళ్లిపోయేదాకా ధర్మేంద్ర రోడ్డుకు ఇవతలే నిలబడ్డాడు. తర్వాత దాటి వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు.

"ఒగ టీ."

గ్లాసు వచ్చింది. వేలు చూశాడు. అలవాటు కొద్దీ "కాదు సార్" అనే మాట నోటిదాకా వచ్చింది.

"అన్నా" అన్నాడు.

కొట్టాయన చేతిలో వడపోసే గుడ్డ అలాగే ఉండిపోయింది. చాలాసేపు చూశాడు.

"ధర్మా. వచ్చినావా" అన్నాడు చివరికి. "తాగు, సల్లారిపోతాది."

ధర్మేంద్ర తాగాడు. చెంప మీద కొట్టాల్సింది ఇప్పుడే అని గుర్తుంది. కానీ చెయ్యి నిద్రలో ఒంటి కింద నలిగి తిమ్మిరెక్కిన చెయ్యిలా ఉంది. అతను ఇన్నేళ్లూ వెతికింది ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి. ఎదురుగా ఉన్నది మోకాళ్ల నొప్పితో వంగి నడుస్తున్న మనిషి.

"ఎందుకు పోయినావు?"

"ఏమో రా. ఆ పొద్దు పాలు పోసేదానికి డెయిరీ కాడికి పోయినా. మదనపల్లె బస్సు నిలబడుకోని ఉండె. ఎక్కేసినా."

"ఇంట్లో ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

"ఎవురూ ఏమీ అనలా. సాయంత్రానికి వద్దామనే ఎక్కినా. ఆడ్నించి బెంగుళూరికి పోయినా. రెండు దినాలైనాక వస్తే నాయన కొడతాడని. నెల పోయినాక వస్తే సిగ్గు. ఏడాది దాటినాక, ఇంక నేను సచ్చిపోయినానని అనుకోని ఉంటారులే, అదే మేలు అనిపించె." హోటళ్లలో గిన్నెలు తోమానని, తర్వాత ఈ కొండకు వచ్చి కొట్టు పెట్టుకున్నానని చెప్పాడు. పెళ్లి లేదు. కొట్టు వెనకాల రేకుల గది.

"జాహ్నవి నా కూతురు" అన్నాడు ధర్మేంద్ర.

"తెలుసు. వచ్చిన కొత్తల్లో ఏ ఊరు పాపా, ఎవురి బిడ్డవని అడిగినా. చెప్పింది. అవ్వ ఉండాదా అని అడిగితే, సచ్చిపోయిందనింది. బన్ను తింటా చెప్పింది." భానుచందర్ పొయ్యి మంట తగ్గించాడు. "ఆ దినం కొట్టు మూసేసినా."

"మరి పాపకు చెప్పలేదే?"

"ఏమని చెప్పేది ధర్మా?"

కొట్టుకు తాళం వేసి ఇద్దరూ ఊరు చూడ్డానికి బయల్దేరారు. చూడాలని ఎవరూ అడగలేదు. చేసేదేమీ లేక నడిచారు. రాతి కాలేజీ, మంచు పట్టిన మైదానం, గోడ అవతల లేడీస్ హాస్టల్. "పాప రూము పైన, కొసాన" అని చూపించాడు అన్న. "మొదటి ఏడు జొరమొచ్చి పడుకునింటే గంజి కాసి వాచ్‌మన్‌తో పంపించినా." ధర్మేంద్ర తలూపాడు. కూతురికి జ్వరం వచ్చిన సంగతే తనకు తెలియదు.

మైదానం చివర గట్టు మీద కూర్చున్నారు. కింద లోయంతా తెల్లగా ఉంది. అప్పుడు ధర్మేంద్ర, ఫ్యాక్టరీలో షిఫ్టు సంగతి చెప్పినట్టు, "నీ కోసరం శవాలు సూసినానన్నా" అన్నాడు. "యాడ ఎవురు సచ్చినా నన్నే పిలుస్తారు. పోయి వేలు సూసొస్తా."

"ఎంతమందిని?"

"లెక్క పెట్టలా."

అన్న ముఖం కిందికి దించుకున్నాడు. భుజాలు కదిలాయి. "కొట్టరా నన్ను" అన్నాడు. "ఒగసారి కొట్టు."

"కొడదామనే వచ్చినా. చెయ్యి రావట్లే."

భానుచందర్ అడిగాడు. "అమ్మ పొయ్యేటప్పుడు నా పేరు ఏమన్నా ఎత్తిందా?"

అవునని చెప్పడం సులువే. "లేదు" అన్నాడు ధర్మేంద్ర. "కడాకు ఎవురూ గుర్తు లేకపోయిరి. నన్ను కూడా ఎవురప్పా నువ్వు అని అడిగె."

సాయంత్రం బస్సు దగ్గర, "ఇంటికి వస్తావా?" అని అడిగాడు. అన్న అడ్డంగా తలూపాడు. "పాపకు నేను చెప్పను. కాలేజీ తెరిస్తే టీకి వస్తాది కదా, నువ్వే చెప్పు" అని ధర్మేంద్ర బస్సెక్కాడు. ఫోన్ నంబరు మాత్రం తీసుకున్నాడు. కొండ దిగే దారంతా నిద్రపోయాడు.

ఇంటికొచ్చి, పాప వినకుండా, "అన్న కనపడినాడు మే. బాగుండాడు" అని నిర్మలకు చెప్పాడు. తాను ఎప్పుడూ చూడని ఆ బావగారి కోసం ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా అతను పక్కన కూర్చున్నాడు. తనకెందుకు రావడం లేదో అర్థం కాక గోడ వైపు చూస్తుండిపోయాడు. రెండు రోజుల తర్వాత స్టేషన్‌కు వెళ్లి అన్న దొరికాడని చెప్పాడు. కానిస్టేబుల్ ఏకాంబరం లేచి చేతులు పట్టుకుని, "స్వీటు యాడప్పా?" అన్నాడు. అవును కదా, ఇది సంతోషపడాల్సిన సంగతి కదా అని అప్పుడు తట్టింది. బజారుకు వెళ్లి మైసూర్‌పాకు తెచ్చి అందరికీ పంచాడు.

కాలేజీ తెరిచాక జాహ్నవి వెళ్లిపోయింది. చాలా రోజులు ఫోన్లో ఆ ఊసే లేదు. జనవరి చివర్లో ఒక ఆదివారం, ధర్మేంద్ర బాయిలర్ గొట్టాలు శుభ్రం చేయిస్తుంటే ఆమె ఫోను వచ్చింది. సీజన్ కాదు కాబట్టి ఫ్యాక్టరీ నిశ్శబ్దంగా ఉంది. ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది.

"పెదనాయన చెప్పినాడు నాయనా."

"ఊఁ."

"నేను బాగా తిట్టినా. అందరి ముందర తిట్టినా. అవ్వ గేటు కాడ కూర్చునేది, నువ్వు శవాలు చూసేది, అమ్మ నాకు అంతా చెప్పింది. అదంతా అనేసినా. ఆయన ఏడ్చినాడు. నేనూ ఏడ్చినా. రెండు వారాలు ఆ పక్కకే పోలేదు."

"ఇప్పుడు?"

"నిన్న పోయినా. బన్ను కాల్చి పెట్టినాడు. తిన్నా." "తప్పా నాయనా?"

"తప్పేముంది పాపా."

తాను అనాల్సిన మాటలన్నీ కూతురు అనేసిందని ధర్మేంద్రకు తెలిసింది. బరువు దిగినట్టు ఉందా అని తనలోకి చూసుకున్నాడు. దిగినట్టూ లేదు, ఉన్నట్టూ లేదు. "వచ్చే నెల ఒగసారి వస్తానని చెప్పు ఆయనకు" అన్నాడు. అలా అంటానని అంతకుముందు అనుకోలేదు. ఫోను జేబులో పెట్టుకుని, గొట్టం లోపల మసి ఇంకా ఉందేమోనని వంగి చూశాడు.