వరలక్ష్మిగారు చింపేసిన కమాండ్ల కాగితం

ప్రోగ్రాము బిల్డ్ అవుతున్నప్పుడు ల్యాప్‌టాప్ అడుగు వేడెక్కి చేతికి తగులుతుంది. రాజమండ్రిలో నేనిప్పుడు పనిచేసే ఆఫీసులో ఏసీ ఎంత చల్లగా ఉన్నా, ఆ వేడి తగలగానే మండపేట ఉప్పుడు బియ్యం మిల్లుల వాసన ముక్కుకు కొడుతుంది, వరలక్ష్మిగారు గుర్తొస్తారు. నా మొదటి ఉద్యోగంలో యజమానురాలు ఆవిడ. మిల్లుల్లో ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్లకు ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసు, మొత్తం ఐదుగురం.

మా నాన్న మొగల్తూరు దగ్గర వల వేసి బతికే మనిషి. చదువుకున్నన్నాళ్లూ నేను నేర్చిన మర్యాద ఒక్కటే, చెప్పింది చేయడం. చేరిన రోజున గోడకు అంటించిన ఒక కాగితం చూపించారు. రాసిన ప్రోగ్రామును యంత్రం మీద నడిచేలా తయారుచేసే బిల్డ్ కమాండ్లన్నీ దాని మీద ఉన్నాయి. నేను బుద్ధిగా నోట్సులోకి ఎక్కించుకుంటుంటే వరలక్ష్మిగారు వచ్చి ఆ కాగితాన్ని పర్రున చింపేశారు.

"అది పోయినేడాది ప్రాజెక్టుదమ్మా. ఇవాళ ఏమున్నాయో ప్రాజెక్టునే అడుగు," అన్నారు.

కుర్చీ లాక్కుని, మేము కోడ్ రాసే ఎడిటర్‌లో పక్కనున్న ప్యానెల్ తెరిచారు. ఆ ప్రాజెక్టులోని కమాండ్లన్నీ అక్కడ వరసగా కనిపించాయి. దేని మీద నొక్కితే అది నడుస్తుంది. ఆవిడ నొక్కలేదు. ఒక్కొక్కటీ రాసి ఉన్న చోటు తెరిచి, అదేం చేస్తుందో నా చేత పైకి చదివించారు. ఒకటో తరగతి పిల్లలా చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

రెండో పంట దాళ్వా కోతల సమయంలో హైదరాబాదు నుంచి ఆఫీసు వాటాదారు తరఫున ఒక మేనేజరు వచ్చాడు. డ్రయ్యర్లన్నిటికీ కొత్త ప్రోగ్రాము ఆ మధ్యాహ్నమే ఎక్కించమన్నాడు. నా ప్రొబేషన్ ముగియడానికి వారం ఉంది. నన్ను ఉంచాలో పంపాలో రాసేది ఆయనే. నేను జాబితా తెరిచి 'ఇన్‌స్టాల్' అన్న కమాండ్‌ను చదివాను. ఏ రకం ధాన్యానికి ఎంత వేడి పెట్టాలో మిల్లువాళ్లు కుదుర్చుకున్న సెట్టింగులన్నీ చెరిపేసే లైను అందులో ఉంది. వేడి ఎక్కువైతే గింజ పగిలి బియ్యమంతా నూకవుతుంది. ఆ మాటే చెప్పాను.

"నిన్ను చదవమన్నానా? నొక్కమన్నాను."

"నొక్కనండి," అన్నాను.

ఉద్యోగం పోతే పోనీ అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గొడవ విని వరలక్ష్మిగారు వచ్చారు. ఈ అమ్మాయి ఎదురు మాట్లాడింది, క్షమాపణ చెప్పాలన్నాడాయన. ఆవిడ తెర మీదకు వంగి ఆ లైను చదివారు. మొహం మాడిపోయింది.

"ఇది రాసింది నేనండి. మన పరీక్ష మిషను కోసం పెట్టి, తియ్యడం మర్చిపోయాను. క్షమాపణ చెప్పాల్సింది నేను, ఈ అమ్మాయికి."

అందరి ముందూ నావైపు తిరిగి చెప్పారు కూడా. అప్పటిదాకా పెద్దవాళ్లెవరూ నాకు క్షమాపణ చెప్పిన పాపాన పోలేదు. ఆయన నా గురించి ఏం రాశాడో నాకు తెలియదు. వరలక్ష్మిగారు మాత్రం నన్ను పంపలేదు.

ఇప్పుడు నా కింద తొమ్మిది మంది ఉన్నారు. కమాండ్లు కూడా ఏఐ చెప్పేస్తోంది, ఎంటర్ కొట్టేయడమే తెలివి అయిపోయింది. మేము ప్రతిదీ చదివాకే నడుపుతాం కాబట్టి మా టీము నెమ్మదని పైవాళ్లు సణుగుతుంటారు. సణగనివ్వండి. మొన్న కొత్తగా చేరిన సుజాత, నేను నడపమన్న కమాండ్ దగ్గర ఆగి, ఇందులో ఒక లైను అనుమానంగా ఉందంది. నాకు చిర్రెత్తుకొచ్చింది, అబద్ధమెందుకు. అయినా ఆ అమ్మాయి మీద కళ్లెర్రజేయకుండా ముందు నేను రాసింది చూసుకున్నాను. లైను సరిగ్గానే ఉంది. ఎప్పుడు అనుమానం వచ్చినా నన్ను ఇలాగే ఆపమని అందరి ముందూ ఆమెకు చెప్పాను.