విమానం పోయేదాకా

డ్రైవరన్న పోయాడు. మొన్నొక సోమవారం పొద్దున వదిన ఫోన్ చేసి, "తమ్మీ, మీ అన్న ఇగ లేడు" అని పెట్టేసింది. కామెర్లు బాగా ముదిరాక గానీ దవాఖానకు పోలేదట. నలభై కూడా నిండలేదు. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడిపిన ఆయన మీలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉండేవాడే, నా చెయ్యి పడకపోతే.

విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజుల్లో ఎవరో ఆయన బండిలో ఒక సీడీ మరిచిపోయారు. అమెరికాలో దక్షిణాది హిప్‌హాప్ గాయకుడొకడు తన బృందాన్ని వదిలి ఒంటరిగా చేసిన ఆల్బమ్ అది. పోగొట్టుకున్నవాళ్లు అడుగుతారేమోనని నెల రోజులు దాచి, ఆ తర్వాతే వేసుకున్నాడు. ముక్క అర్థం కాకపోయినా వదల్లేదు.

తుక్కుగూడలో నా మేడమీది గదికి ఆ సీడీ పట్టుకునే వచ్చాడు. గోడలకు గుడ్ల అట్టలు అంటించి నేను దాన్ని స్టూడియో అనేవాణ్ణి. "ఈయన ఎంత తాపీగ మాట్లాడుతడో సూడు తమ్మీ, అచ్చం మా ఊరోని లెక్క. అక్కడ గూడ దక్షిణపోల్ల మాటకు మిగిలినోల్లు నవ్వెటోల్లంట, ఒక ప్యాసింజర్ చెప్పిండు. అయినా ఈయన మార్సుకోలె. నేను గూడ గిట్లాంటిది ఒకటి చెయ్యాలె" అన్నాడు.

ఎనిమిది పాటలు. అన్నీ స్టీరింగ్ దగ్గర అల్లుకున్నవే, కాగితం మీద ఒక్క ముక్క లేదు. మా గది సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉండేది. గుడ్ల అట్టలు ఆ మోతను ఏం ఆపుతాయి, నా మొహం! ఏ విమానం ఎప్పుడొస్తుందో డ్రైవరన్నకు కంఠతా వచ్చు. "ఇగ పావుగంట దాక ఏం రాదు, కానియ్" అనేవాడు. ఆ సందుల్లోనే పాడేవాడు. "బాపు దున్నిన సెలకల ఇమానం దిగవట్టె, మా బాపు యాడ దిగాలె?" అని ఆయన సాగదీస్తుంటే నాకు ఒళ్లు జలదరించేది. వాళ్ల చెలక విమానాశ్రయంలోనే కలిసిపోయింది మరి.

అంత విని కూడా నేనేం చేశానో చెప్పాలి. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇల్లు. తెలుగంటే మా ఇంట్లో మాట్లాడేదే అనుకునేవాణ్ణి. "ఇలా అయితే ఏ ఆడియో కంపెనీ తీసుకోదన్నా. అందరికీ అర్థమయ్యే తెలుగులో మళ్లీ పాడండి" అన్నాను. ఆయన సీడీ డబ్బా అటూ ఇటూ తిప్పాడు. "నీకెరుకైనంత నాకెరుక లేదు తమ్మీ. గట్లనే కానియ్."

రెండు నెలలు మధ్యాహ్నం తిండి మానుకుని వచ్చి, బడిపిల్లాడిలా నేను దిద్దినట్టల్లా పాడాడు. డిస్కు నిండిపోతోందని పాత రికార్డింగులన్నీ చెరిపేశాను. ఆయన్ను ఒక్క మాట అడగలేదు.

కంపెనీ మనిషి ఒకటిన్నర పాట విని, "పాఠం అప్పజెప్పినట్టుందండీ" అని ఆపేశాడు. మెట్లు దిగుతూ డ్రైవరన్నే నాకు ధైర్యం చెప్పాడు. "మనది మెల్లగ నడిచే బండి, గని ఆగది" అన్నాడు. అది ఆయన ఊతపదం.

బుద్ధొచ్చి, పాతవే మళ్లీ పాడమని బతిమాలాను. మైకు ముందు నిలబడి నాలుగైదుసార్లు నోరు తెరిచాడు. "పాతయి వస్తలేవు తమ్మీ. నీ లెక్కనే వస్తున్నయ్" అన్నాడు. ఆ తర్వాత పాడలేదు. నన్ను ఒక్కనాడూ నిందించలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది. ప్రతి కూడలిలో ఆ యాసే పాటై మోగుతోంది. నా దగ్గరికొచ్చేవాళ్లంతా అదే కావాలంటున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పెద్దకర్మ అయ్యాక, మిగిలిన ఆ దిద్దిన పాటలే ఫోన్‌లో వేసుకుని వాళ్లింటికెళ్లాను. వదిన, పదేళ్ల కూతురు పక్కపక్కన కూర్చుని విన్నారు. రెండో పాట సగంలో వదిన అడిగింది. "గీయన ఎవరు తమ్మీ? మీ అన్న గిట్ల మాట్లాడడు గద?"

నేను తర్వాతి పాట పెట్టాను.

ఐదో పాట ముందు మాత్రం ఒక ముక్క కత్తిరించడం మరిచాను. పదకొండు సెకన్లు. "ఆగు తమ్మీ, ఇమానం పోనీ. దుబాయ్‌ది గిది, పెద్దది... ఆఁ, పోయింది. ఇగ కానియ్." ఆ వెంటనే నా తెలుగు మొదలవుతుంది. ఆయన గొంతు ఆయనదిగా మిగిలింది అంతే.

"మా నాయిన!" అని పిల్ల లేచి నిలబడింది. పాట మొదలవగానే ఆపేసి, మళ్లీ మొదటికి జరిపింది. మళ్లీ ఆపింది, మళ్లీ జరిపింది. అంతలో ఇంటి మీదుగా నిజంగానే ఒక విమానం వచ్చింది, ఏమీ వినపడలేదు. వదిన కూతురి చెయ్యి పట్టుకుని, "ఆగు బిడ్డా, పోనీ" అంది. ముగ్గురం తలలు వంచుకుని, అది పోయేదాకా ఆగాం.