నా చెల్లెల్ని వెతికిన హవల్దారమ్మ

పోయిన మంగళవారం మా హవల్దారమ్మ చనిపోయింది. మద్దేడ్ బస్టాండులో ఉల్లిగడ్డలు అమ్మే ఆవిడ నన్ను ఆపి చెప్పింది, "మీ మేడం పోయిందంటనే, గుండె ఆగిందంట" అని. నేను నమ్మలేదు. ఆగేదే అయితే ఆ గుండె ఈ నాలుగేళ్లలో ఏదో ఒక థానా బెంచీ మీద ఎప్పుడో ఆగిపోవాల్సింది. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. నా చెల్లెల్ని వెతికే పోలీసు మనిషి ఆమె ఒక్కతే.

మాది ఛత్తీస్‌గఢ్‌లో మద్దేడ్ పక్క పల్లె. కుట్టుమిషన్ మీద బతుకుతున్నాను. నాలుగేళ్ల కిందట ఒక మేస్త్రీ మిరపకాయలు ఏరడానికి గోదావరి అవతల తెలంగాణకు జనాన్ని తీసుకుపోతుంటే, నా చెల్లెలు సునీత తానూ పోతానని మొండికేసింది. దానికప్పుడు పదిహేనేళ్లు. పద్దెనిమిది నిండినట్టు కార్డు కావాలన్నాడు మేస్త్రీ. దానికి కార్డే లేదు, నా ఆధార్ ఇచ్చాను. మా వైపు ఇదేమీ వింత కాదు. ఇంట్లో ఒకరికి కార్డుంటే మిగతావాళ్లు దాంతోనే పనికి పోతారు, ఆ ఫొటోలో ఎవరైనా ఒకేలా కనిపిస్తారు. అలా నా చెల్లెలు జ్యోతి అయి పోయింది. జ్యోతి నా పేరు.

మిరప అయిపోయింది. అందరూ తిరిగొచ్చారు. అదీ ఇంకో ఇద్దరు పిల్లలూ రాలేదు. నెల రోజుల పని, మంచి తిండి అని చెప్పి చేలోంచే ఎవడో తమిళనాడులోని నూలుమిల్లుకు బండెక్కించాడట.

మా నాయన ఇక్కడి థానాకు పోతే "జరిగింది తెలంగాణలో, అక్కడ రాయించుకో" అన్నారు. అక్కడికి పోతే "మీది ఛత్తీస్‌గఢ్ కదా" అన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. మూడోసారి నాయనతో నేనూ ఇక్కడి థానాకు పోయినప్పుడు బల్ల వెనక హవల్దారమ్మ ఉంది. ముందు తన సీసాలో నీళ్లు మా ఇద్దరిచేతా తాగించింది. ఎవరొచ్చినా నీళ్లు తాగనిదే మాట వినేది కాదు. "ఏడుపు ఎనక. ముందు పిల్ల వయసు చెప్పు" అంది. కార్డు సంగతి చెప్పాను. ఆమె నుదురు కొట్టుకుంది.

"ఏం పని చేసినవే పిల్లా! చెల్లెను నీ పేరు చాటున దాచిపెట్టి వాళ్ల చేతికిచ్చినవ్ కదనే!"

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ ఫిర్యాదు రాసింది ఆమే. నేరం ఎక్కడ జరిగినా ఏ థానాలోనైనా రాయాల్సిందేనని పై అధికారితో హిందీలో వాదించింది, తిరిగిరాని ఇంకో పిల్ల తల్లిని పిలిపించి గోండీలో మాట్లాడింది, మమ్మల్ని తెలుగులో తిట్టింది.

పరాయి రాష్ట్రం పోయేటప్పుడు రబ్బరు చెప్పులతో బస్సెక్కేది, బూట్లు సంచిలో. "బూట్లు థానా ముంగట తొడుక్కుంట. తొవ్వపొంటి కాళ్లకు శిక్షేంది?" అనేది. పాలు లేని టీ నిలబడే తాగేది. కోపం మాత్రం ముక్కు మీదే. నేనూ ఊరుకునేదాన్ని కాదు, ఇద్దరం బాగానే కొట్లాడుకునేవాళ్లం.

తమిళనాడు మిల్లుకు మొదటిసారి ఆమె, ఒక ఎస్సై పోయారు. పరాయి చోట నేరుగా గేటు తోసుకుని పోవడానికి లేదు. ముందు అక్కడి థానాలో హాజరు వేయించుకోవాలి, వాళ్ల మనుషుల్ని వెంట తీసుకోవాలి. వీళ్ల కాగితమేమో హిందీలో ఉంది. ఆమె తెలుగులో చెబితే, తెలుగు వచ్చిన ఒక కానిస్టేబులు దాన్ని అరవంలో చెప్పాడు. అలా సగం దినం పోయింది. ఆలోపు మిల్లుకు కబురందింది.

ఆ ఇద్దరు పిల్లల్నీ హవల్దారమ్మ ఇళ్ల నుంచి తెచ్చిన వాళ్ల సొంత కార్డుల్లోని వయసు చూసి పంపించారు. నా చెల్లెలు మాత్రం "నేను జ్యోతి. పంతొమ్మిదేళ్లు. నా ఇష్టంతోనే ఉన్న" అందట. నిజం చెబితే కార్డిచ్చిన మీ అక్కను జైల్లో వేస్తారని మిల్లువాళ్లు దాన్ని బెదిరించి పెట్టారు. ఈ సంగతి ఆ ఇద్దరు పిల్లలు దారిలో చెప్పారు, అప్పటికే బండి చాలా దూరం వచ్చేసింది. ఫోను చేస్తే, మేజరు, తన ఇష్టం, వేరే రుజువుంటే తెండి అని అక్కడి పోలీసులు చేతులు దులుపుకున్నారు.

హవల్దారమ్మ నేరుగా మా ఇంటికొచ్చి గడపలో కూలబడింది. "నా ముంగటనే నిలబడ్డది బిడ్డా. చెయ్యి పట్టి గుంజుకరావాల్సింది. కాయితం చూసి ఇడిసిపెట్టొచ్చిన" అని మా నాయన ముందు చేతులు జోడించింది. తప్పు చేసింది నేను, చేతులు జోడించింది ఆమె. అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

తర్వాత వయసు రుజువు కోసం తిరిగింది. చెల్లెలు చదివిన బాసగూడ వైపు ఆశ్రమశాల ఎప్పుడో చోటు మారింది. పాత రిజిస్టర్లు ఎవరికీ పట్టలేదు. ఎలుకలు కొట్టిన ట్రంకు పెట్టెలో ఆమె చెల్లెలి పుట్టినతేదీ ఉన్న పేజీని పట్టుకునేసరికి రెండు నెలలు గడిచాయి. మళ్లీ పోతే, ఆ జ్యోతి పని మానేసి వెళ్లిపోయిందన్నారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

హవల్దారమ్మ పోయినేడు రిటైరైంది. అయినా ప్రతి సోమవారం థానాకొచ్చి అవతలి రాష్ట్రాల థానాలకు ఫోన్లు చేసేది. ఇంకా ఎందుకు మేడం అంటే, "కేసు నిద్రపోతది పిల్లా. తట్టి లేపుతుండాలె" అనేది. నన్ను ఒక్కనాడూ ఓదార్చలేదు. నా పక్కన కూర్చుని ఫోను కొట్టింది, అంతే. ఆ రుణం నేను ఏ జన్మకూ తీర్చుకోలేను.

నిన్న సోమవారం. నన్నూ నాయననూ థానాకు పిలిచారు. థానా రాతకోతలు చూసే కొత్త మున్షీ రాయ్‌పూర్ వైపు కుర్రాడు, చెడ్డవాడు కాదు, కుర్చీ వేశాడు. తమిళనాడు పోలీసుల నుంచి జవాబొచ్చిందట. మిల్లులో ఉండిన జ్యోతి ఇంటికి చేరుకుంది, ఆ ఆధార్ మీద నెలనెలా మద్దేడ్‌లో రేషన్ కూడా తీసుకుంటోంది, కనుక కేసు మూసేయవచ్చు.

"మీరే కదా జ్యోతి? ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు హిందీలో.

రేషన్ తీసుకున్నది నేను. వేలిముద్ర వేసింది నేను. నాకొచ్చిన హిందీలో అంతా మొదటి నుంచి చెప్పాను. కార్డు, మిల్లు, ట్రంకు పెట్టె, అన్నీ కలగాపులగంగా. అతను ఓపికగానే విన్నాడు. ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"నాకేం అర్థం కావడం లేదు. ఈ కేసు చూసిన మేడం ఉండేదట కదా, ఆమెను ఒకసారి రమ్మనండి" అన్నాడు.

అతను మళ్లీ కాగితం మీద వేలు పెట్టి, "చూడండి, రాసే ఉంది, లడ్కీ మిల్ గయీ" అన్నాడు.

మా నాయనకు హిందీ రాదు. ఈ నాలుగేళ్లుగా థానాల చుట్టూ తిరిగి నేర్చుకున్న నాలుగు ముక్కల్లో అది ఒకటి. పిల్ల దొరికింది. కుర్చీలోంచి లేచాడు. భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు.

"దొరికిందంటున్నడు కదా బిడ్డా? యాడుందంట? లే, బస్సుకు పోదాం."