డాక్టరుకు చెప్పలేకపోయిన రింగు

ఎడమ పిక్క పట్టేసినట్టు అనిపించిన రోజు మా బడిలో యూనిట్ టెస్టులు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి చెబుతాను. రోజంతా నిలబడే ఉద్యోగం కాబట్టి నొప్పిని లెక్కచేయలేదు. సాయంత్రానికి వాచిన పాదానికి చెప్పు పట్టలేదు. మా అత్త చూసి, "ఓలమ్మా, ఇదేటే ఇలగ పొంగిపోనాది!" అని ఆముదం రాసి గట్టిగా రుద్దింది. అలా రుద్దకూడదని మా ఇద్దరికీ తెలియదు.

మర్నాడు క్లినిక్కుకు తీసుకెళ్లిందీ అత్తే. మా ఆయనది షిప్పులో ఉద్యోగం. ఆయన వెళ్లి అప్పటికి ఐదు నెలలు. డాక్టరు గారు కాలు నొక్కి చూసి, "మందులేమైనా వాడుతున్నారా? పిల్స్ లాంటివి?" అనడిగారు. నేను నోరు తెరిచేలోపే అత్త నవ్వేసింది.

"మావోడు షిప్పులో ఉన్నాడు బాబూ, దీనికి పిల్సేటికి?"

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే అప్పుడు నా ఒంట్లో రింగు ఉంది. పాప పుట్టాక పిల్స్ వేసుకుంటే ఒకటే వాంతులు. అందుకని విశాఖలో లేడీ డాక్టరు హార్మోన్ వెజైనల్ రింగు రాశారు. గర్భం రాకుండా లోపల పెట్టుకునే మెత్తటి రింగు అది. మూడు వారాలు ఉంచి, ఒక వారం తీసేయాలి. మా ఆయనకు తెలుసు, అత్తకు తెలియదు. ఆయన వెళ్లాక మానేద్దామనుకున్నాను. కానీ దానివల్ల నెలసరి నొప్పి తగ్గింది. ఆ సుఖం వదులుకోలేక వాడుతూనే ఉన్నాను. మొగుడు ఊళ్లో లేని ఆడదానికి అదెందుకని ఎవరైనా అడుగుతారు. అత్త ముందు ఎలా చెప్పను?

డాక్టరు గారు కండరం పట్టిందని మాత్రలిచ్చారు. మూడో రోజు బడి మెట్లెక్కుతుంటే ఊపిరి అందలేదు. ఛాతీలో పోటు. పిల్లలు "మిస్, మిస్" అంటుంటే మెట్ల మీదే కూలబడ్డాను.

పెద్దాసుపత్రిలో కాలికి డాప్లర్ స్కాన్ తీసి డీవీటీ అన్నారు. కాలి సిరలో రక్తం గడ్డకట్టిందట. సీటీ స్కాన్‌లో ఆ గడ్డలోని ఒక ముక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్లినట్టు తేలింది. ఆక్సిజన్ పెట్టాక డ్యూటీ డాక్టరమ్మ మళ్లీ అదే ప్రశ్న వేసింది. అత్త మంచం పక్కనే ఉంది. చచ్చిపోతానన్న భయమూ, అత్త వింటుందన్న భయమూ ఒకేసారి. ఏడుస్తూ చెప్పేశాను.

"ముందే చెప్పి ఉంటే క్లినిక్కులోనే అనుమానించేవారమ్మా," అంది డాక్టరమ్మ. రింగు తీసేసి, గడ్డ పెరగకుండా హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. "రింగులో ఈస్ట్రోజన్ హార్మోన్ ఉంటుంది, దానివల్ల కొందరికి రక్తం గడ్డకడుతుంది. అందరికీ ఇలా అవదు. మీకు అయింది. ఈస్ట్రోజన్ ఉన్నవేవీ ఇక వాడకండి."

 మర్నాడు జావ తాగిస్తూ అత్త అడిగింది. "ఆడెల్లి ఐదు నెల్లయినాది. మరదేటికే నీకు?"

నొప్పి సంగతి చెప్పాను. గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. నమ్మిందో లేదో తెలియదు. మా ఆయన ఏదో రేవు నుంచి ఫోన్ చేసి, "అమ్మకి నాను సెప్తాన్లే," అన్నారు. చెప్పారో లేదో నేనడగలేదు.

ఇంటికొచ్చాక రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు. బలమని అత్త రోజూ మునగాకు వండి పెడితే ఐఎన్ఆర్, అంటే మందు పనిచేస్తోందో లేదో చెప్పే రక్తపరీక్ష లెక్క, పడిపోయింది. మునగాకు ఆ మందు పనిని తగ్గిస్తుందని చెప్పి, మళ్లీ పొట్టలో ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ మాట విని అత్త మునగాకు గిన్నె వైపే చూస్తూ కూర్చుంది.

ఇప్పటికి రెండేళ్లు. మాత్రలు ఆపేశారు. ఎక్కువసేపు నిలబడితే కాలు వాస్తుంది కనుక కుర్చీలో కూర్చునే పాఠం చెబుతున్నాను. ఇది చదివే అక్కచెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టరు మందుల గురించి అడిగితే రింగు సంగతీ చెప్పండి, అదీ మందే. పక్కనున్నవాళ్ల ముందు నోరు రాకపోతే వాళ్లను కాసేపు బయటికి పంపమనండి, అదీ కుదరకపోతే కాగితం మీద రాసివ్వండి.

అత్త ఇప్పటికీ నాతో ఆసుపత్రికి వస్తుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టరు నోరు తెరవకముందే లేచి బయటికి వెళ్లిపోతుంది. అది నా మీద దయో, మళ్లీ ఏం వినాల్సి వస్తుందోనన్న భయమో, అడిగే ధైర్యం నాకింకా రాలేదు.