ఎదుటి కుర్చీ

బహ్రెయిన్‌లోని మా చిన్న కాలేజీలో ఆటగాళ్ల ఫీజు రాయితీలు చూసే సార్‌ది కరీంనగర్. రాయితీ రాదని ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు. నిబంధనల పుస్తకాన్ని ఎదుటి కుర్చీ వైపు తిప్పి, "నువ్వే సదువు బిడ్డా" అనేవారు. తెలుగు రాని పిల్లలకూ ఆ మాట అర్థమైపోయేది.

ఒకసారి మా ఫాస్ట్ బౌలర్ ఒక సబ్జెక్టు వదిలేశాడు. అన్ని సబ్జెక్టులూ చదివేవాళ్లకే రాయితీ. సార్ అది గమనించకుండా రాయితీ కాగితం మీద సంతకం పెట్టేశారు. తర్వాత ఆయనే కనిపెట్టారు.

"ఎవరు చూస్తరు భాయ్? ఖలాస్" అన్నాడు నిజామాబాద్ నుంచి వచ్చిన మా క్రికెట్ కోచ్.

సార్ లేచి వెళ్లి ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. పుస్తకం తనవైపు తిప్పుకుని ఆ నిబంధన పైకి చదివారు. "కాగితం మీద రాయి అమ్మా, తప్పు పిలగానిది కాదు, నాది" అన్నారు ఆయన దగ్గర గుమస్తాగా ఉన్న నాతో.

రాయితీ మాత్రం పోయింది. ఆ ఫీజు తానే కడదామని మర్నాడు మళ్లీ పుస్తకం తెరిచారు. ఉద్యోగులు ఆటగాళ్లకు డబ్బివ్వకూడదని ఉంది. ఆ పేజీ మాత్రం పైకి చదవలేదు.