వాకిట చెప్పుల్లేని రోజు

మా మేనత్త మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఎవరేం చేసినా "దేవుడు చూసుకుంటాడులేరా" అనేది. చూస్తూనే ఉన్నాడు, చేసిందేముంది అని నేను ఎగిరేవాణ్ణి.

ఒంటరి మనిషి. పళ్ల గిడ్డంగిలో పెట్టెలు సర్దే పని ఆమెది. మేస్త్రీ తాగొచ్చి, పెట్టెలు మీద పడేసి ఓ కూలీ కాలు విరగ్గొట్టాడు. యజమాని అడిగితే అత్త ఉన్నదున్నట్టు చెప్పింది. మేస్త్రీ పని ఊడింది. అంతే, ఆ తర్వాత గిడ్డంగిలో ఆమెను పలకరించే నాథుడు లేడు. మేస్త్రీ చెల్లెలు కూడా అక్కడే పనిచేసేది. "మా అన్న నోటికాడ కూడు తీసిన మహాతల్లి" అంటూ ఎదురుపడినప్పుడల్లా మెటికలు విరిచేది.

చల్లగదిలోకి వెళ్లేవాళ్లు చెప్పులు వాకిట విడిచి రబ్బరు బూట్లు తొడుక్కోవాలి. పొద్దుగూకాక కాపలావాడు లోపలికి తొంగి చూడడు, కేకెయ్యడు. వాకిట చెప్పులు లేకపోతే లోపల ఎవరూ లేనట్టే. గడియ బిగించేస్తాడు. మేస్త్రీ చెల్లెలు రోజూ ఇంటికెళ్లే ముందు అత్త చెప్పొకటి ప్రహరీ అవతలికి గిరాటేసేది. విసిగిపోయిన అత్త ఆ రోజు చెప్పుల్ని సంచిలో వేసుకుని లోపలికే తీసుకెళ్లింది. బుద్ధున్న మనిషి చేసే పనేనా? నోరు తెరిచి నాలుగు దులిపేస్తే పోయేదిగా!

గడియ పడింది, దీపం ఆరింది. తలుపు బాదింది, అరిచింది. ఆ మందపాటి తలుపు దాటి గొంతు రాదు. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు. తెల్లారేదాకా ఆ చలిలో మనిషి బతకదు.

చాలాసేపటికి, ఇంటికి బయల్దేరుతూ, ఎప్పటిలాగే చెప్పు పారేద్దామని మేస్త్రీ చెల్లెలు వచ్చింది. వాకిట చెప్పుల్లేవు. అత్త క్యారేజీ మాత్రం మేకుకే వేలాడుతోంది. మనిషి లోపలే ఉండిపోయిందని దానికి అర్థమైపోయింది. కాపలావాణ్ణి బండబూతులు తిట్టి గడియ తీయించింది.

"చచ్చి మా మెడకి చుట్టుకుందామనుకున్నావా?" అని అరుస్తూనే అది అత్త చేతులు రుద్దింది.

"దేవుడే పంపాడమ్మా నిన్ను."

"దేవుడూ లేదు, దెయ్యమూ లేదు. నీ చెప్పు విసిరేద్దామని వచ్చా!"

కబురందగానే పరుగెత్తాను. రెండు దుప్పట్లు కప్పుకుని ఇంకా వణుకుతోంది. భయమో కోపమో, నేను ఆగలేకపోయాను.

"పగవాళ్లకి జాలి కలిగింది. నీ దేవుడెక్కడ చచ్చాడత్తా?"

"నేనూ అదే అడిగానురా. ఉన్నావా, పోయావా అని. నా మొగుణ్ణి తీసుకుపోయినప్పటినుంచి అన్నీ తవ్వి తవ్వి తిట్టాను. నోటికి హద్దులేదనుకో."

"నువ్వా!"

"తిట్టేకొద్దీ భయం తగ్గింది. ఎవరూ లేని గదిలో మనిషి అంతసేపు తిట్టగలదట్రా? అక్కడే ఉన్నాడు. పాపం, అన్నీ పడ్డాడు."